చేతులు కడుక్కున్నవాళ్లు చేయెత్తండి

స్వీయ మూల్యాంకన పత్రం తయారుచేసిన గౌరవనీయ ఉన్నతాధికారి గారికి, ఒక అంగన్‌వాడీ టీచర్ నమస్కరించి రాయునది.

తమరు పంపిన పత్రం అందింది. నాకు నేనే మార్కులు వేసుకోమన్నారు. పదో తరగతిలోనే ఈ సౌకర్యం ఉండుంటే ఇవాళ మీ కుర్చీలో నేనుండేదాన్ని.

మొదటి ప్రశ్న: గది సరిపోతుందా? 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది ఉండాలని 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం చెబుతోంది. టేపు దొరక్క మా ఆయా పాత చీరతో కొలిచింది. బియ్యం బస్తాలు, గుడ్ల ట్రేలు పోను మిగిలింది అందులో సగం. అయిదుకు రెండు వేసుకున్నాను. సెక్టార్ మీటింగులో పక్కూరి టీచర్ అది చూసి, "పిచ్చిదానా, తక్కువేసుకున్నోళ్లకే మెమో వస్తుంది" అంది. వాళ్ల కేంద్రానికి మరుగుదొడ్డే లేదు. శుభ్రతలో అయిదుకు అయిదు వేసుకుంది. లేని దొడ్డి మురికెట్లా అవుతుందని ఆమె వాదన.

3–6 ఏళ్ల పిల్లలు 20 మందికి ఒక పెద్ద మనిషి ఉండాలని కూడా ఆ విధానంలోనే ఉంది. లెక్కకు మేం ఇద్దరం. ఆయా పొయ్యి దగ్గర, నేను ఫోన్లో ఫొటోలు ఎక్కిస్తూ. పిల్లల్ని చూసుకునేది నాలుగేళ్ల పెద్దమనిషి.

కొలబద్దలంటే నాకు కోపం లేదండి. అమెరికాలో థెల్మా హార్మ్స్, రిచర్డ్ క్లిఫర్డ్ 1980లో తెచ్చిన ఈసీఈఆర్‌ఎస్ అనే, చిన్నపిల్లల కేంద్రాల్ని కొలిచే కొలబద్ద గురించి ఓ శిక్షణలో విన్నాను. ఏడు దాకా మార్కులు. రిజిస్టర్లు తిరగేస్తే సరిపోదట, గదిలో గంటల తరబడి కూర్చుని చూడాలట. బొమ్మలు పిల్లల చేతికి అందుతున్నాయా అన్నది అందులో ఒకటి. సిగ్గేసింది. మావి బీరువాలో, తాళం నా కొంగున. విరిగితే స్టాకు రిజిస్టరులో లెక్క తేలదని భయం. మర్నాడే తాళం తీశాను. రెండు బొమ్మలు విరిగాయి. 'ఆటవస్తువులు భద్రంగా ఉన్నాయా' అన్న మీ ప్రశ్న దగ్గర నా మార్కు తగ్గింది.

ఇంకొక్క సంగతి. రోజూ అన్నానికి ముందు "చేతులు కడుక్కున్నవాళ్లు చేయెత్తండి" అంటాను. అన్ని చేతులూ లేస్తాయి, సగం మట్టివే. కడుక్కోనివాళ్లను గోడ వైపు తిప్పి నిలబెట్టేదాన్ని లెండి, అప్పట్లో. అది మానేసిన కొన్నాళ్లకు ఒక బుడ్డోడు చేయెత్తకుండా నిలబడి, "నేను కడుక్కోలే టీచర్, చెంబు అందుతలేదు" అన్నాడు. గోలెం ఎత్తుగా ఉందన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. కింద రెండు ఇటుకలు వేశాం.

అన్నీ రెండ్లే ఉన్న నా పత్రం దీనితో జతచేస్తున్నాను. మీరు పంపేది మెమో అయితే వాట్సాప్‌లో చాలు. ఇటుకలైతే మాత్రం, మా కేంద్రం దాకా బండి రాదు, రచ్చబండ దగ్గర దింపమనండి.

ఇట్లు,
మీ విధేయురాలు