మాపు కనపడే పరుపు

లోకంలో ఎక్కువమంది దండం పెట్టిన పరుపేదంటే శేషతల్పమే. పాలకడలి మీద ఆదిశేషుడు చుట్టలు చుట్టుకుంటాడు, స్వామివారు హాయిగా పవళిస్తారు. మా ప్రాంతానికి ఈ వరస ఇంకా దగ్గరిది. భద్రాచలం గుడిలో రాముడి పక్కనున్న లక్ష్మణస్వామి ఆ ఆదిశేషుడి అవతారమేనని ఇక్కడ బడికెళ్లే పిల్లాడు కూడా చెబుతాడు. ఇన్ని యుగాలుగా పామును పరుపుగా వాడుకుంటున్నాం కదా, మరి ఆ పాము కింద ఏం పరవాలని ఎవరైనా అడిగారా? ఎవరూ అడగలేదు. ఆ పాత బాకీ వసూలుకు తిన్నగా మా ఇంటికే వచ్చింది.

మాది సారపాక దగ్గర, గోదావరికి భద్రాచలం ఎదుటి ఒడ్డు. పెరడు దాటితే చేలు, చేలు దాటితే అడవి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, జెర్రిపోతు అన్నీ తెలిసిన ముఖాలే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి వరదలో మనుషులూ పాములూ ఒకే మెట్టు కోసం పోటీపడతారు. అందుకే మా దగ్గర పాము విషయంలో రెండే పద్ధతులు: నాగుల చవితి నాడు పాలు, మిగతా రోజుల్లో కర్ర. మూడో పద్ధతి మా మేనల్లుడు తెచ్చాడు. అద్దాల పెట్టె.

వాడు మా ఇంట్లోనే ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. కరెంట్ అఫైర్స్ చదవగా చదవగా విసుగొచ్చి కాబోలు, హైదరాబాద్ నుంచి ఒక బాల్ పైథాన్‌ను తెచ్చుకున్నాడు. చిట్టి అని పేరు పెట్టాడు. మా ఆవిడ గుమ్మంలోనే ఆపింది.

"ఇది మన దేశం పాము కాదత్తయ్యా, ఆఫ్రికాది. విషం ఉండదు."

"నాకుంటుంది," అంది మా ఆవిడ.

వాడు కాగితాలు తీశాడు. మన అడవి పామును పట్టి ఇంట్లో పెంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. పాములవాళ్ల బుట్టలకు మూత పడింది కూడా ఆ చట్టంతోనే. బాల్ పైథాన్ లాంటి విదేశీ జీవులకైతే 2024 ఫిబ్రవరిలో వేరే నిబంధనలొచ్చాయి. పరివేష్ అనే పోర్టల్లో నమోదు చేయించాలి. పాము పుట్టినా, పోయినా, చేతులు మారినా చెప్పాలి. వాడు అంతా పద్ధతిగా చేయించాడు. నిజం చెప్పొద్దూ, మా పొలానికి కూడా అంత శుభ్రమైన కాగితాల్లేవు.

అయినా మా ఆవిడ మెత్తబడింది కాగితాలకు కాదు. పశ్చిమాఫ్రికాలో బెనిన్ అనే దేశం ఉంది. అక్కడ వీదా పట్టణంలో ఈ జాతి పాములకు గుడి కట్టి పూజిస్తారని, రాత్రిళ్లు వాటిని బయటికి వదులుతారని, ఎవరింట్లోకైనా వస్తే గౌరవంగా చూసుకుంటారని మావాడు చెప్పాడు. "వాళ్లకీ చవితి ఉందన్నమాట," అంటూ ఆవిడ పక్కకు జరిగింది. పాము లోపలికొచ్చింది. అప్పుడొచ్చింది పరుపు ప్రశ్న.

పెట్టెతో పాటు పెట్ షాపువాడు ఒక ప్యాకెట్ అంటగట్టాడు. సెడార్ చెక్క పొట్టు. విప్పగానే ఇల్లంతా గుబాళించింది. మా ఆవిడ మొదటిసారి మెచ్చుకుంది. మావాడు మాత్రం దాన్ని అట్నుంచటే బీరువాలో బట్టల మధ్య పెట్టించాడు. సెడార్‌కు ఆ వాసన తెచ్చే నూనెలే పాముకు పడవట. బట్టల్లో పురుగును తరిమే గుణం పెట్టెలో పాము ఊపిరికి అడ్డం పడుతుంది. పైగా పాము నాలుకతో వాసన చూసే జీవి. నాలుక బయటికి చాపి గాలిలోని వాసనను అద్దుకుని, నోటి పైభాగంలో ఉన్న అవయవానికి అందిస్తుంది. అలాంటిదాన్ని రాత్రింబవళ్లు అత్తరు కొట్టులో కూర్చోబెట్టడం పాపం.

ఈ సంగతి వీధిలో పొక్కింది. మా వీధిలో ఒకరికి జ్వరమొస్తే పది మందులు చెబుతారు. పాముకు పరుపంటే ఊరుకుంటారా?

ముందు రైసుమిల్లు బావగారొచ్చారు. "ఊక ఉండగా చింతెందుకు బావా? ట్రాక్టరు తోలిస్తా." ఊకలో నలుసెక్కువ, దుమ్మెక్కువ. మనమైతే దగ్గి బయటపడతాం. పాముకు దగ్గడం రాదు. మనకున్న ఉదరవితానం దానికి లేదు. ఊపిరితిత్తుల్లో చేరింది చేరినట్టే ఉండిపోయి జబ్బు చేస్తుంది. ఈ మాట చెబితే బావగారు కాసేపు ఆలోచించి, "దగ్గు లేని జన్మ ఎంత అదృష్టం!" అన్నారు. మిల్లులో ఆయన దగ్గు వీధి చివరికి వినపడుతుంది.

తరువాత సామిల్లు మేస్త్రి. టేకు రంపపుపొట్టు బస్తాడు ఉచితమన్నాడు. చెబుతూ చెబుతూనే మూడుసార్లు తుమ్మాడు, మోచేయి గోక్కున్నాడు. టేకు పొట్టు వడ్రంగుల ఒంటికే దురద తెస్తుంది. ఆయన్ను చూశాక వేరే పరీక్ష అక్కర్లేకపోయింది. పాములు పెంచేవాళ్లు మెచ్చే చెక్క ఒకటుంది, ఆస్పెన్. దుమ్ము తక్కువ, వాసన లేదు. కానీ అది చలిదేశాల చెట్టు. మా మేస్త్రి దాని పేరు విని, "మందుబిళ్లా సార్?" అన్నాడు.

మిర్చి వ్యాపారం చేసే మిత్రుడు ఖమ్మం యార్డు నుంచి గోనెసంచులు పంపాడు. నిన్నటిదాకా వాటిలో తేజా మిర్చి ఉంది. మూట విప్పిన వాళ్లం వీధిలోకి పరిగెత్తాం. ఆ సంచి మీద నాలుక చాపాల్సిన ప్రాణిని తలుచుకుని అందరం కలిసి ఏడ్చాం. ఏడుపు మిర్చిదే అనుకోండి, భావం మాత్రం నిజం.

గోదావరి ఇసుక వేయమన్నాడు ఇంకొకాయన. తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుళ తెగవాళ్ల సహకార సంఘం విషం తీయడానికి పాముల్ని పడుతుంది. వాళ్లు కుండలో ఇసుక పోసి, పామును వదిలి, మూతికి గుడ్డ కడతారు. నిజమే, కానీ అక్కడ పాము అతిథి. కొన్ని వారాలుండి, విషమిచ్చి, మళ్లీ అడవికెళ్లిపోతుంది. మా చిట్టి కాపురానికొచ్చింది. ఎలుకను మింగేటప్పుడు తడికి అంటుకున్న ఇసుక కూడా లోపలికెళుతుంది. అది పేగులో పేరుకుంటే ప్రమాదం. అయినా ఇసుక ధర తెలిసినవాడెవడూ దాన్ని పాము కింద పరవడు.

అందరికంటే గట్టిగా పట్టుబట్టింది మా అత్తగారు. "పాముకు పుట్టమన్ను కాకపోతే ఇంకేం వేస్తారయ్యా?" తర్కం బలంగానే ఉంది. కాకపోతే పుట్ట కట్టింది పాము కాదు, చెదలు. కట్టినవాళ్లొకరు, కాపురమున్నవాళ్లొకరు, పాలు పోసేది రెండోవాళ్లకు. తవ్వి తెచ్చిన మన్నుతో అసలు యజమానులూ వస్తారు. పాముకు పక్క అమరుతుందేమో గానీ నా పుస్తకాల అలమర అస్తమిస్తుంది. అడవిలో ఏరిన ఆకులలమూ అంతే. చీమలు, గోమార్లు టిక్కెట్టు లేకుండా వచ్చేస్తాయి. అత్తగారు వెనక్కి తగ్గుతూ కనీసం చుట్టూ ఫినాయిలైనా చల్లమన్నారు. అడవి అంచు ఇళ్లల్లో పాములు రాకూడదని చల్లేదే ఆ ఫినాయిలు. ఇంట్లో ఉన్న పాముకు అదే విషం. పెట్టెను సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరబెడితే చాలు.

ఇక మిగిలింది మా ప్రాంతం పంట, జామాయిల్. రోడ్డుకు రెండువైపులా జామాయిల్, సుబాబుల్ తోటలు. మా సారపాక కాగితం మిల్లు 1979లో మొదలైంది. దాని ఆకలికి పెంచిన తోటలే చాలామటుకు. జామాయిల్ ఆకు వేద్దామా అంటే మళ్లీ నూనె, మళ్లీ ఘాటు. జలుబు చేసిన మనిషికి మందు గానీ పాముకు కాదు. అయితే ఆ చెట్టే మిల్లులో ఉడికి, నలిగి, కడిగించుకుని బయటికొచ్చేసరికి ఏ వాసనా లేని తెల్ల కాగితమవుతుంది. మావాడు పెట్టె అడుగున తెల్ల కాగితం నాలుగు మడతలు పరిచాడు. చిట్టి దాని కిందికి దూరి, బంతిగా చుట్టుకుని, కదలడం మానేసింది.

"నిద్రపోయిందా?" అని అడిగింది మా ఆవిడ. చెప్పడం కష్టం. పాముకు కనురెప్పల్లేవు. నిద్రలోనూ కళ్లు తెరిచే ఉంటాయి. గ్రూప్స్ అభ్యర్థి పుస్తకం ముందు సరిగ్గా దీనికి ఉల్టా.

కాగితంతో కథ అయిపోలేదు. ఈ పాముకు గాలిలో తేమ 60 శాతం అటూఇటూ ఉండాలి. పెట్టెలో ఒక పక్క 31, 32 డిగ్రీల వేడి, ఇంకో పక్క 26 డిగ్రీల చల్లదనం కావాలి. పుస్తకాల్లో వేడికి దీపం పెట్టమని రాస్తారు. మా కొత్తగూడెం జిల్లాలో మే నెలలో ఇల్లే దీపం. అప్పుడు వేడి గురించి కాదు, చల్లదనం గురించే పూజలు. ఎండాకాలం తేమ పడిపోతే కుబుసం ఒక్క ముక్కగా ఊడక పేలికలై ఒంటికి అతుక్కుంటుంది. అందుకని వేసవిలో కొబ్బరిపొట్టు వేస్తాం. నర్సరీల వాళ్లు నారు పెంచేదే. తడిపి, గట్టిగా పిండి, రెండంగుళాలు పరిస్తే తేమను పట్టి ఉంచుతుంది. వానలొచ్చాక అదే పొట్టు బూజు పడుతుంది. తడిలో పడుకున్న పాముకు పొట్ట కింద పొలుసులు కుళ్లుతాయి. పెట్టెలో తేమ కొలిచే మీటరుకు మావాడు, భద్రాచలం దగ్గర గోదావరి వరదకు మూడు హెచ్చరికలు పెట్టినట్టే, మూడు గీతలు గీశాడు. మొదటి హెచ్చరికకు మూత తెరుస్తాం, రెండోదానికి పొట్టు తీసేస్తాం, మూడోదానికి మళ్లీ కాగితం.

ఇన్ని పరుపులూ చూశాక నాకు తేలింది ఒకటే. పాము తనకేం బాధో చెప్పదు. మూలగదు, దగ్గదు, ముఖం చిట్లించదు. పరుపే చెప్పాలి. తెల్ల కాగితం మీద రెట్ట ఏ రంగులో ఉందో తెలుస్తుంది. నల్లటి చుక్కలు కదిలితే పొలుసుల్లో చిన్న పురుగులు చేరాయని తెలుస్తుంది. నెత్తురు మరకైనా, నోటి జిగురైనా దాగవు. అందుకే కొత్తగా తెచ్చిన పామునూ, జబ్బు పామునూ ముందు కాగితం మీదే ఉంచుతారు. ముదురు రంగు పొట్టులో ఇవన్నీ హాయిగా దాక్కుంటాయి. మంచి పరుపంటే మెత్తనిది కాదు, మాపు కనపడేది.

ఈ సూత్రాన్ని నేను కొంచెం గట్టిగానే, భోజనాల దగ్గర, అందరి ముందూ ప్రకటించాను. మా ఇంట్లో దుప్పట్లన్నీ కాఫీ రంగువి. ఖమ్మంలో కొట్టువాడు "మాపు కనపడదు సార్" అనగానే మురిసిపోయి నేనే అరడజను కొన్నాను. తెలుగు మధ్యతరగతి ఏ గుడ్డ కొన్నా ముందు అడిగేది అదే కదా!

మా ఆవిడ వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగింది. "ఆ పాము పక్క రోజూ తొంగి చూస్తారు. మీ పక్క చివరిసారి ఎప్పుడు చూశారు?"

మరుసటి సంతకు మా మంచం మీదికి తెల్ల దుప్పటి వచ్చింది. పొద్దున్నే మావాడు చిట్టి కాగితం తనిఖీ చేస్తాడు, ఆవిడ నా దుప్పటి తనిఖీ చేస్తుంది. ఒక్కో మరకకూ సంజాయిషీ నేనే ఇచ్చుకోవాలి. మంచం మీద కాఫీ తాగడం మానేశాను. చిట్టికి ఆ అలవాటు మొదట్నుంచీ లేదు.