పాపం, ఉజ్జయినీ మహారాజు

మన జానపద సినిమాల్లో హీరోకి కత్తి ఉంటుంది, మాంత్రికుడికి మంత్రం ఉంటుంది, హీరో వెంట తిరిగేవాడికి కూడా నాలుగు నవ్వులుంటాయి. రాజుగారికి మాత్రం కిరీటం, పెళ్లీడుకొచ్చిన కూతురు తప్ప ఏమీ ఉండవు. ఈ జాతి రాజులందరికీ పెద్దదిక్కు 'పాతాళ భైరవి'లోని ఉజ్జయినీ మహారాజు.

1951లో విజయా వారు తీసిన ఆ సినిమా గురించి ఎవర్ని కదిపినా తోటరాముడు ఎన్టీఆర్, నేపాళ మాంత్రికుడు ఎస్వీ రంగారావు, మాటలు పింగళి, దర్శకుడు కె.వి. రెడ్డి అని వేళ్లు మడిచి చెప్పేస్తారు. రాజు వేషం ఎవరయ్యా అంటే బుర్ర గోక్కుంటారు. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు! ఆరేళ్ల తర్వాత అదే కె.వి. రెడ్డి 'మాయాబజార్'లో శకుని వేషమిస్తే పాచికలతో అందర్నీ ఆడించాడాయన. ఉజ్జయిని గద్దె మీద మాత్రం అందరూ కలిసి ఆయన్నే ఆడించారు.

రాజ్యంలో పంటలెలా ఉన్నాయో, పన్నులెంతో, పొరుగురాజుతో సరిహద్దు తగాదాలున్నాయో లేదో మనకి పట్టదు. ఆయనకున్న రాచకార్యం ఒక్కటే, అమ్మాయి ఇందుమతి పెళ్లి. ఇంట్లోనేమో బావమరిది శూరసేనుడు, అంటే మన రేలంగి, ఆ పిల్ల మీదే ఆశలు పెట్టుకుని తిరుగుతుంటాడు. ఈ చిక్కు మన ఇళ్లలో తెలిసిందే. కాదంటే ఇంటావిడ ముఖం మాడుతుంది, ఔనంటే పిల్ల ముఖం మాడుతుంది. నాకూ ఒక బావమరిది ఉన్నాడు కాబట్టి ఇంతకంటే వివరంగా రాయలేను.

తోటమాలి కొడుకు తోటరాముడు కోటలో దూరి రాకుమారిని కలుసుకున్నాడని తెలిసి రాజుగారు మొదట మరణశిక్ష వేశారు. తర్వాత కుర్రాడి తెగువకి ముచ్చటపడి, నాతో సరితూగే ఐశ్వర్యం తెచ్చుకో, పిల్లనిస్తానన్నారు. ఆడపిల్లల తండ్రులు నేటికీ అంటున్న మాటే. ఐశ్వర్యం బదులు అమెరికా ఉద్యోగం, కూకట్‌పల్లిలో మూడు పడగ్గదుల ఫ్లాటు అంటున్నారంతే.

కుర్రాడు కోరిందల్లా ఇచ్చే పాతాళ భైరవి బొమ్మని సంపాదించి, దాన్నడిగి ఏకంగా మేడే లేపేశాడు. మొన్నటిదాకా తన తోటలో మొక్కలకి నీళ్లు పోసినవాడికి స్థలం ఎక్కడిది, సొమ్మెక్కడిది, ప్లాను ఎవరు పాస్ చేశారు? ఒక్క ప్రశ్న అడగలేదు మహారాజు. మేడ చూశారు, తాంబూలాలకి సిద్ధమైపోయారు. మరణశిక్ష వేయడానికి తీసుకున్నంత శ్రద్ధ సంబంధం గురించి వాకబు చేయడానికి తీసుకోలేదు.

ఈలోగా బావమరిది కాస్తా బొమ్మ కొట్టేసి మాంత్రికుడి చేతిలో పెట్టాడు. మేడా పోయింది, అమ్మాయీ పోయింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నారు, ఉజ్జయినీ మహారాజెంత! చివరికి తోటరాముడే వెళ్లి మాంత్రికుడి పీడ వదిలించి పిల్లని తీసుకొస్తే, రాజుగారికి అక్షింతలు వేసే పని మిగిలింది.

మరుసటి ఏడాది, 1952లో, విజయా వారే 'పెళ్లి చేసి చూడు' అని ఇంకో సినిమా తీశారు. ఆ పేరు ఎవరి పాట్లు చూసి పెట్టారో అడగనక్కర్లేదు.

ఈసారి టీవీలో 'పాతాళ భైరవి' వస్తే మాంత్రికుడి మీంచి కాస్త చూపు తిప్పి సింహాసనం వైపు కూడా చూడండి. వీరుడు, మాంత్రికుడు, బావమరిది తలా ఒక సాహసం చేసి చప్పట్లు కొట్టించుకున్నారు. పెళ్లి ఖర్చు మాత్రం ఆయనొక్కడిదే.