పక్కింటి భక్త శాస్త్రం

ప్రథమ సూత్రం: భక్తుడు గుళ్లో పూజ్యుడు, పక్కింట్లో పరీక్ష.

భాష్యం: వేములవాడ రాజన్న గుళ్లో కోడెను పట్టుకొని ప్రదక్షిణ చేసేవారిని చూస్తే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. వారిలో ఒకరు కరీంనగర్‌లో మన పక్క పోర్షన్‌లో దిగితే, తెల్లారి అయిదింటికే వారి పూజగంట మన నిద్రలో మోగుతుంది. మధ్య గోడ నాలుగున్నర అంగుళాలు. భక్తికి అదొక అడ్డా?

ద్వితీయ సూత్రం: మాసాన్ని బట్టి ఇతని రంగు మారును.

భాష్యం: కార్తీకంలో నల్లబట్టలు, అయ్యప్ప మాల. ఎండలు ముదిరేసరికి కాషాయం, ఆంజనేయ దీక్ష, విరమణ కొండగట్టులో. 41 రోజులు కుదరనివారికి 21, 11 కూడా ఉన్నవి. ఆ రోజుల్లో మనమూ స్వాములమే. “స్వామీ, బండి జర పక్కకు పెడ్తరా?” అన్నవాడితో కొట్లాడేదెట్ల? ఆదివారం మన కోడికూర వాసన అటు పోతే పల్లెత్తు మాటనడు, మెల్లగా కిటికీ మూసుకుంటాడు. ఆ తరువాత మనకు ముద్ద దిగదు.

తృతీయ సూత్రం: ప్రసాదం ఋణహేతువు.

భాష్యం: “బాసర పోయొచ్చినం అన్నా, పిల్లలకియ్యి” అని ఒక డబ్బా. మరునెల ధర్మపురి నుంచి ఇంకొకటి. పారేస్తే పాపం, డబ్బా ఖాళీగా పంపితే మర్యాద కాదు. చివరికి బేకరీ మిక్చర్ నింపి పంపుతాం.

పూర్వపక్షం: ఇది మన గల్లీ రోగమే కదా?

సమాధానం: కాదు. అమెరికాలో 1989 డిసెంబరులో మొదలైన ‘ద సింప్సన్స్’ కార్టూన్‌లో నెడ్ ఫ్లాండర్స్ అనే పరమ భక్తుడున్నాడు. మొదటి ఎపిసోడ్‌లోనే అతని క్రిస్మస్ దీపాల ధగధగ చూసి పక్కింటి హోమర్ కుళ్లుకుంటాడు. అతని సామాన్లు తెచ్చుకుంటాడు, తిరిగివ్వడు, పైగా అతన్నే తిడతాడు. నెడ్ మాత్రం నవ్వుతూనే పలకరిస్తాడు. హోమర్‌కు అసలు మంట ఆ నవ్వే.

సిద్ధాంతం: మన కోపం అతని గంట మీద కాదు, దేవుని మీద అంతకన్నా కాదు. పోయిన దసరాకు అడిగి తెచ్చుకున్న నిచ్చెన ఇంకా మన గోడకే ఉంది, అతడు ఒక్కసారైనా అడగలేదు. అడిగితే ఒక మాటనుకొని తేలికపడేవాళ్లం.

ఫలశ్రుతి: ఈ శాస్త్రం పఠించినవారికి నిచ్చెన తిరిగిచ్చే బుద్ధి పుట్టును. ఇచ్చిన చోట మరో డబ్బా ప్రసాదం చేతిలో పడును.