రైలు బొమ్మ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

పాత రైలు బొమ్మ పట్టాలు లేకుండ
సంతలోన దొరికె చవకగాను
మధ్యకమ్మి వెదకి మరి కొల్చి చూడక
యన్ని కొన్న పిదప నటకకెక్కు

తాత్పర్యం: చవకగా వచ్చిందని కొన్న రైలుకు చూసుకోకుండా పట్టాలు కొంటే రెండూ అటకెక్కుతాయి. ఇది పిల్లలకు కూడా అర్థమవుతుంది కాబట్టి టీక అవసరమైంది.

టీక: పాత రైలు బొమ్మ = ఇక్కడ హార్న్‌బీ రైలని గ్రహించాలి. మెకానో బొమ్మలు కనిపెట్టిన లివర్‌పూల్ వాసి ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో మొదలుపెట్టిన రైళ్లివి. సంతలోన = ఇంగ్లండులో జనం కారు డిక్కీలు తెరిచి ఇంట్లో పాత సామాను అమ్ముకునే మైదానంలో. చవకగాను = పట్టాల ధర తెలిసేదాకా. పట్టాలు లేకుండ = అవేమయ్యాయంటే అమ్మేవాడు ఆకాశంకేసి చూడగా అని అధ్యాహారం.

మధ్యకమ్మి వెదకి = పద్యానికి ప్రాణం ఈ మాటే. పెట్టె మీద పేరుందిగా, ఆ పేరు చెప్పి పట్టాలు అడిగితే చాలదా అని పూర్వపక్షం. చాలదు. ఆ ఒక్క పేరు కింద మూడు జాతులున్నాయి. మొదట వచ్చినవి పెద్ద రైళ్లు. పట్టాల ఎడం 32 మి.మీ. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లోకు అందులో దాదాపు సగం, 16.5 మి.మీ.; దాని కరెంటు ఇంజను మూడు కమ్ముల మీద నడిచేది. 1959 నుంచి డబ్లో రెండు కమ్ములకు మారింది. ఎడం మాత్రం మారలేదు, ఇవాళ అంగట్లో ఎక్కువగా దొరికే హార్న్‌బీ పట్టాలదీ అదే 16.5. కొంప ముంచేది ఇదే.

మూడు కమ్ముల పద్ధతిలో కరెంటు నడిమి కమ్మిలో వచ్చి, పక్క కమ్ములు రెండింటి మీదుగా తిరిగిపోతుంది. అందువల్ల ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య విద్యుత్ బంధకం పెట్టే పని లేకపోయింది. అలాంటి ఇంజనును నేటి రెండు కమ్ముల మీద పెడితే చక్కగా కూర్చుంటుంది, స్విచ్చి వేయగానే ఇరుసు గుండా షార్టవుతుంది. ఇంజనుంది, పట్టాలున్నాయి, కరెంటుంది, కదలిక లేదు. కారణాలన్నీ ఉన్నా కార్యం పుట్టకపోవడం విశేషోక్తి అలంకారం.

కాబట్టి ఇంజనును వెల్లకిలా తిప్పి కడుపు చూడాలి. నడిమధ్య స్ప్రింగు మీద ఆడే చిన్న రేకు వేలికి తగిలితే మూడు కమ్ములది. ఆ చోట పొడుగాటి బద్ద ఉంటే జర్మనీ మార్‌క్లిన్ కావచ్చు. దాని ఎడమూ 16.5 మి.మీ. అయినా అది ఏసీ కరెంటు బండి. పక్కన తాళంచెవి పట్టే బెజ్జం ఉంటే కీ ఇచ్చి నడిపేది, దానికి కరెంటుతో పని లేదు.

కొల్చి = స్కేలుతో. చక్రాల లోపలి ముఖాల మధ్య కొలిచినవాడికి డబ్లోలో 16.5 రాదు, అంతకు తక్కువే వస్తుంది; ఇదేదో కొత్త జాతని బెంబేలెత్తుతాడు. ఎడమంటే రెండు కమ్ముల లోపలి అంచుల మధ్య దూరం. చక్రాల అంచులు ఆ సందులో కాస్త వదులుగా ఇమడాలి.

అమెరికా లయొనెల్ బండ్లు కొన్నవారు ఇక్కడ వంపును కూడా కలుపుకుని చదువుకోవాలి. అక్కడ 32 మి.మీ. పట్టాల్లోనే 31 అంగుళాల వలయం ఒకటి, 27 అంగుళాలది ఒకటి. రెండోదాని కమ్మి పొట్టిది కావడంతో ఒకదానికొకటి సరిగా అతకవు. పెద్ద ఇంజన్లలో కొన్ని ఆ చిన్న వంపు తిరగలేవు. కవి ఈ ముక్క చెప్పి ఉండాల్సింది. గణాలు కుదరలేదు కాబోలు.

అటకకెక్కు = స్పష్టం.

కీ రైలు కొని, తాళంచెవి లేదని ఇంటికొచ్చాక గమనించినవాడి ఊసు కవి ఎత్తలేదు. దానికి సీసపద్యం కావాలి, ఎత్తుగీతితో సహా.