విండో ఏసీ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

చిన్న యింటి కిటికి జిగిమీరు నేసీకి
టన్ను లెంత? చుక్క లెన్ని? చెపుమ;
గోడ కన్న మెంత? కోరిన ప్లగ్గేది?
నందిగామ యెండ నడుగవయ్య.

అవతారిక: మార్చి నెలాఖరుకు జగ్గయ్యపేట, నందిగామ బజార్లలో ఫ్రిజ్జుల షాపుల ముందు ఏసీల అట్టపెట్టెలు గోడలా లేస్తాయి. 2022 ఏప్రిల్‌లో ఈ రెండు ఊళ్లూ కృష్ణా జిల్లా వదిలి ఎన్టీఆర్ జిల్లాలో కలిశాయి. ఎండకు మాత్రం ఆ ఉత్తర్వులు అందినట్టు లేదు, ఎప్పటిలాగే కాస్తోంది. మచిలీపట్నంలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది. ఈ మెట్ట ఊళ్లకు ఆ భాగ్యం లేదు. షాపు మెట్లెక్కిన గృహస్థుడు ఏమేం అడగాలో తోచక సేల్స్‌మేన్ చెప్పిందానికల్లా తలూపుతాడని ఎరిగి, టీకాకారుడే ఈ ఆటవెలదిని అల్లి, తానే దీనికి వ్యాఖ్యానం రాయడానికి పూనుకున్నాడు.

ప్రతిపదార్థం: చిన్న యింటి = రెండు గదులు, వంటిల్లు, నెత్తిన మేడ లేని స్లాబు గల ఇంటియొక్క; కిటికి = చువ్వలు కోయక తప్పని కిటికీయందు; జిగిమీరు = షోరూమ్ లైట్ల కింద మిలమిలలాడు; ఏసీకి = శీతల యంత్రమునకు; టన్నులు ఎంత = ఒకటా, ఒకటిన్నరా; చుక్కలు ఎన్ని = స్టార్లు మూడా, ఐదా; గోడ కన్నము ఎంత = పెట్టె దూరే సందు కొలత ఎంత; కోరిన ప్లగ్గు ఏది = 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు ఎక్కడ; నందిగామ యెండన్ = మే నెలలో 44 డిగ్రీలు దాటే ఎండను; అడుగవయ్య = షాపువాణ్ణి కాక దాన్నే విచారించు నాయనా.

టీక: ‘టన్నులెంత’ అన్నది పెట్టె బరువు గురించి కాదు. సుమారు 907 కిలోల మంచుగడ్డ 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని గదిలోంచి తోడేసే శక్తి ఒక టన్ను. గంటకు 12,000 బీటీయూలు. నూట ఇరవై చదరపు అడుగుల లోపు గదికి ఒక టన్ను, నూట ఎనభై దాకా ఒకటిన్నర అని షాపుల్లో చెప్పే లెక్క. అయితే ఏసీ సామర్థ్యాన్ని కొలిచేటప్పుడు బయట 35 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు ఉంచి పరీక్షిస్తారు. బయట 44 ఉంటే కండెన్సర్ తన వేడిని వదిలించుకోలేక ఆపసోపాలు పడుతుంది. పెట్టె మీద రాసిన టన్ను ఆ పూట టన్ను కాదు. పడమటి గోడ, పై స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి పదింటికి గదిలోకి కక్కుతుంటే లెక్క ఇంకా తప్పుతుంది.

అందుకే ఏసీకన్నా ముందు స్లాబు మీదికి ఎక్కాలి. చుట్టూ సున్నపురాయి గనులున్న సీమలో రెండు పూతల తెల్ల సున్నానికి ఏమంత ఖర్చు? గరికపాడు చెక్‌పోస్టు దాటితే వచ్చే తెలంగాణ, 2023లో కప్పులను చల్లబరచడానికి ఏకంగా ఒక పాలసీయే తెచ్చింది.

‘చుక్కలెన్ని’ దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. 2022 జులైలో అమల్లోకి వచ్చిన పట్టికలో ఐఎస్ఈఈఆర్ (కాల్చిన కరెంటుకు ఎంత చలువ ఇస్తుందో చెప్పే అంకె) 3.5 ఉన్న విండో ఏసీకి ఐదు చుక్కలు పడ్డాయి. అదే 3.5 ఉన్న స్ప్లిట్‌కు రెండే. రెండు కులాలకూ వేరువేరు పంక్తులు వేశారన్నమాట. కనుక చుక్కలు కాదు, పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న అంకె చదవాలి. లేబుల్ మీది వార్షిక యూనిట్లు ఏడాదికి 1,600 గంటల వాడకానికి కట్టిన లెక్క. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రాత్రి ఎనిమిదేసి గంటలు వేసే ఇంట్లో అది 730 గంటలు దాటదు. ఆ ఇంటికి ఐదో చుక్క కోసం పెట్టిన డబ్బు తిరిగి రావడానికి చాలా వేసవులు పడతాయి.

‘గోడ కన్నమెంత’: ఒకటిన్నర టన్ను పెట్టెకు సుమారు రెండడుగులకు పైగా వెడల్పు, అడుగున్నర ఎత్తు కావాలి. నీళ్లు బయటికి జారేలా వెనక్కి కాస్త వాలు ఉండాలి. వెనుక భాగం ఆరుబయటికి తెరుచుకోవాలి. మూసిన వరండాలోకో, మెట్ల గదిలోకో పెడితే తాను వదిలిన వేడినే తాను పీలుస్తుంది. సిమెంటు లారీలు తిరిగే రోడ్డు పక్క ఇల్లయితే కండెన్సర్ రెక్కల్లో దుమ్ము దిట్టంగా పడుతుంది. వేసవికి ముందు కడిగించాలి.

‘కోరిన ప్లగ్గేది’: ఈ పెట్టె నడుస్తున్నప్పుడు ఇంచుమించు ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. ఫ్యాను వైరుకు తగిలిస్తే వైరు వేడెక్కి కాలిపోవచ్చు. విడిగా లైను, ఎంసీబీ, ఎర్తింగు, వోల్టేజీ ఊగే వీధిలో స్టెబిలైజరు తప్పవు.

పూర్వపక్షం: “కూలరు చాలదా?” అని కొందరు. ఏప్రిల్, మే నెలల పొడి గాడ్పుకు చాలావరకు చాలును. తొలకరికి ముందు గాలిలో తేమ పెరిగిందా, నీళ్లు సరిగా ఆవిరి కావు, గది ఉడుకుతుంది. “స్ప్లిట్ మేలు కదా?” అని మరికొందరు. చప్పుడు తక్కువ, నిజమే. బయటి యూనిట్‌కు చోటు, గోడలో రాగి పైపులు, ఇల్లు మారినప్పుడు గ్యాసు ఖర్చు భరించేవారికి అది మేలే. అద్దె ఇంటివాడు విండో పెట్టెను విప్పి ఆటోలో వేసుకుపోగలడు.

తాత్పర్యం: స్లాబు కింద నూట ఇరవై చదరపు అడుగుల గది ఉన్నవారు పైన సున్నం కొట్టించి ఒక టన్ను, కొట్టించకపోతే ఒకటిన్నర టన్ను, మూడు చుక్కల విండో ఏసీ తీసుకుని, 2020 నుంచి కంపెనీలే పెట్టి పంపుతున్న 24 డిగ్రీల దగ్గరే ఉంచి, ఫ్యాను కూడా తిప్పుకోవలెనని భావము.

అలంకారం: నెలకు 120 యూనిట్లు కాల్చే ఇంట్లో ఏసీ మరో 240 కలిపిందనుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం కరెంటు ఛార్జీ, ఇతర వడ్డింపులు కలపకుండానే, సుమారు 395 రూపాయల నుంచి 2,198కి చేరుతుంది. యూనిట్లు మూడింతలు, రూపాయలు ఐదున్నర రెట్లు. ఈ ఇంట్లో 225 దాటిన ప్రతి యూనిట్‌కు 8 రూపాయల 75 పైసలు పడటమే ముఖ్య కారణం. ఆలంకారికులు దీన్ని అతిశయోక్తి అంటారేమో. బిల్లు కట్టేవారికి స్వభావోక్తి.