మెరీనా అంకుల్

కొండాపూర్, మదీనాగూడ, నిజాంపేట, ఎక్కడైనా సరే, కాస్త పాతబడిన అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి దిగి చూడండి. ఓ ఎర్ర ఎస్‌యూవీ, ఓ నల్ల ఎస్‌యూవీ, కవరు కప్పుకున్న ఇంకో ఎస్‌యూవీ, వాటి పక్కన లిఫ్టు గోడవారగా పొడుగాటి తెల్ల బండి. ముందునుంచి చూస్తే ఇండిగో. వెనక్కి వెళ్తే డిక్కీ ఉండాల్సిన చోట డిక్కీ ఉండదు. పైకప్పు తిన్నగా చివరిదాకా వచ్చి, అక్కడ నిలువు తలుపై ఆగిపోతుంది. నంబరు ప్లేటు మీద ఏపీ 28. అది టాటా ఇండిగో మెరీనా. దాని యజమాని అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. వాచ్‌మన్ మొదలుకొని ఎల్‌కేజీ పిల్లలదాకా అందరికీ ఆయన మెరీనా అంకులే.

ఇలాంటివాళ్లు ఊళ్లో ఎక్కువమంది మిగల్లేదు గానీ, మిగిలినవాళ్లంతా ఒక్క అచ్చే. వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించింది 1998లో. ఆ తర్వాత కొన్నాళ్లకి, అమీర్‌పేటలో ఏదో కోర్సు పూర్తిచేసి, మాదాపూర్‌లో బండరాళ్ల మధ్య ఉద్యోగంలో చేరిన బాపతు. పెళ్లయింది, పాప పుట్టింది, 2005లో బ్యాంకువాళ్లు పిలిచి మరీ లోను ఇచ్చారు. ఇక కారు కొనాలి. అందరూ ఏం చేస్తారు? బావమరిదిని అడుగుతారు. ఈయన ఎక్సెల్ షీటు వేశాడు. ధర, మైలేజీ, సీట్లు మడిస్తే ఎంత చోటు, లీటరు డీజిలుకి ఎన్ని కిలోల సామాను... అన్ని గడులూ కూడితే మెరీనా గెలిచింది. ‘మామగారు ఏమంటారు’ అన్న గడి ఒక్కటే పెట్టడం మరిచాడు.

తెనాలి నుంచి వచ్చిన మామగారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెనక నిలబడి, చాలాసేపు చూశారు.

“అల్లుడుగారూ, మిగతాది ఎప్పుడు పంపిస్తారంట?”

అత్తగారు మాత్రం వెనక తలుపు ఎత్తించి, తల లోపల పెట్టి, “నాలుగు బస్తాలు హాయిగా పడతాయి” అన్నారు. ఆ ఇంట్లో మెరీనాకి పడిన మొదటి ఓటు అదే. చాలాకాలం చివరి ఓటు కూడా.

మామగారిని తప్పుపట్టలేం. మన దేశంలో ఈ ఆకారానికి మొదటినుంచీ జాతకం బాగోలేదు. టాటావాళ్లే 1992లో ఎస్టేట్ తెచ్చారు. మారుతి బలెనోకి ఆల్టూరా అని ఒక తోబుట్టువుని కన్నది. ఓపెల్ కోర్సాకి స్వింగ్ వచ్చింది. ఆ కంపెనీయే తర్వాత దేశం విడిచి వెళ్లిపోయింది. మెరీనా 2004లో వచ్చి, ఐదు లక్షల అటూఇటూగా, 1.4 లీటర్ల టర్బో డీజిలుతో, మధ్యతరగతి చేతికందేలా నిలబడి కూడా ఆ దశాబ్దం దాటలేదు. యూరప్‌లో అప్పట్లో పిల్లలున్న ఇంటికి ఈ రకం బండే మొదట గుర్తొచ్చేది. మన దగ్గర తప్పు బండిది కాదు, కల్యాణమండపాలది. పోర్టికోలో ఆగిన కారుకి ముందు ముక్కు, వెనక తోక ఉంటేనే అందులోంచి దిగేది పెద్దమనిషి. తోక లేకపోతే క్యాటరింగువాడు. “వంట సామాను వెనక గేటు నుంచి అండీ” అని మెరీనా అంకుల్‌ని పట్టుచీర భార్యతో సహా దారి మళ్లించిన మండపాలు ఈ ఊళ్లో ఉన్నాయి.

దీనికి ఆయన దగ్గర సిద్ధాంతం ఉంది. వినేవాడు దొరికితే లిఫ్టు ఆపి మరీ చెబుతాడు. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. చిన్న కారు అనిపించుకోవాలంటే పొడుగు నాలుగు మీటర్లు దాటకూడదు. దాంతో 2008లో అదే కంపెనీ అదే ఇండిగోకి తోక కత్తిరించి సీఎస్ అని అమ్మింది, జనం ఎగబడి కొన్నారు. “తోక కోసిన కారు కొన్నారుగానీ, తోక అక్కర్లేని కారు కొనలేదు చూశారా!” అంటాడు. చూశామనే లోపు మన ఫ్లోరు దాటిపోతుంది.

తెల్ల రంగు, ఇండికా ముఖం. హైటెక్ సిటీలో ఈ రెండూ కలిస్తే దాని పేరు క్యాబ్. కాల్‌సెంటర్ల కాలంలో రాత్రి షిఫ్టువాళ్లని మోసినవాటిలో ఇండికాలు చాలా ఉండేవి కాబట్టి జనం కళ్లు అలా అలవాటుపడ్డాయి. సైబర్ టవర్స్ దగ్గర సిగ్నల్లో ఆగితే వెనక డోరు తెరుచుకుంటుంది. మెడలో ఐడీ కార్డుతో ఒకమ్మాయి ఎక్కి కూర్చుని, ఫోన్లోంచి తల ఎత్తకుండా, “భయ్యా, ఓటీపీ సెవెన్ టూ...” అంటుంది.

“అమ్మా, నేను డ్రైవర్ని కాదు. డెలివరీ మేనేజర్ని.”

“ఓ, పార్సిలా? సారీ అన్నా” అని దిగిపోతుంది.

నంబరుతోనూ అదే అవస్థ. ఏపీ 28 అంటే రంగారెడ్డి జిల్లా అని ఇప్పటి కుర్రాళ్లకి తెలీదు. 2014లో ప్లేట్లు టీఎస్ అయ్యాయి, 2024లో టీజీ అయ్యాయి. బండి సెల్లార్లోంచి కదల్లేదు, “విజయవాడ నుంచి ఎప్పుడొచ్చారు సార్?” అని అడగడం మొదలైంది. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఆర్‌సీ పొడిగించుకొచ్చిన రోజు ఆయన అపార్ట్‌మెంటులో మైసూర్‌పాక్ పంచాడు. కూతురికి ఇంజనీరింగ్ సీటు వచ్చిన రోజున పంచింది కోవా మాత్రమే.

ఆయన డ్రైవింగ్ చూస్తే ఒక తేడా కనిపెట్టొచ్చు. ఎదురుగా వచ్చేవాటిని అసలు లెక్కచేయడు. ప్రాణమంతా అద్దంలోనే. ముందు భాగం ఏది పోయినా ఇండికాల పుణ్యమా అని రాణిగంజ్‌లో దొరుకుతుంది. వెనక లైటు పగిలిందా, పుణె వెళ్లినా దిక్కులేదు. మైండ్‌స్పేస్ జంక్షన్లో వెనకాల బైకువాడు అడుగు దూరంలోకి వస్తే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆశీర్వదిస్తున్నట్టు ఆపుతాడు. తుక్కుకి పోతున్న ఇంకో మెరీనా నుంచి తెచ్చిన కుడివైపు లైటు ఒకటి ఆయన పడగ్గది అటక మీద, టర్కీ టవల్లో చుట్టి ఉంది. ఎడమవైపుది ఇంకా దొరకలేదు. అందుకని ఎడమవైపు గోడలంటే ఎక్కువ భయం.

ఇంత నవ్వులపాలైన బండికి గౌరవం ఎక్కడ దక్కుతుందంటే, రాత్రి పదిన్నరకి వాట్సాప్ గ్రూపులో. ‘ఎవరిదైనా పెద్ద బండి ఉందా? అర్జంట్’ అని మెసేజ్ పడుతుంది. కింద సెల్లార్ నిండా ఎస్‌యూవీలు. వాటి యజమానులందరికీ సరిగ్గా ఆ నిమిషానికే నిద్రపడుతుంది. అమెరికా వెళ్లే అమ్మాయికి పెట్టెలు రెండు, ఒక్కోటి 23 కిలోలు, తోడు వెళ్తున్న అత్తగారివి మరో రెండు. బుక్ చేసిన క్యాబ్ వచ్చింది, డిక్కీ ఎత్తారు, అందులో సీఎన్‌జీ సిలిండరు కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. ఇక మూడో అంతస్తు కాలింగ్ బెల్లు మోగాల్సిందే.

లుంగీ ప్యాంటయ్యేలోపే ఆయన మొహం వెలిగిపోతుంది. వెనక తలుపు ఎత్తి, కింద క్రికెట్ స్టంప్ ఆనిస్తాడు. ఎత్తి పట్టుకోవాల్సిన రాడ్లకి ఇరవై ఏళ్లు దాటాయి. ఆ వయసు సర్వీసులో ఎవరి చేతులైనా పీకుతాయి. “స్టంప్ కదిపారో, నా పూచీ లేదు” అని ముందే చెబుతాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, కళ్లు సగం మూసి, పెట్టెలన్నీ మనసులోనే ఒకసారి తిప్పి చూసుకుంటాడు. తర్వాత జాడీలో ఆవకాయ ముక్కలు సర్దే బామ్మలా, ఒక్కోటీ ఒత్తి, ఖాళీ చూసి, మళ్లీ ఒత్తుతాడు. ఇంకెవరి చెయ్యీ పడనివ్వడు. “అడ్డంగా కాదండీ, నిలువు. హ్యాండిలు నా వైపు. ఆ గోంగూర డబ్బా ఇటివ్వండి, దాని చోటు నాకు తెలుసు.” నాలుగు పెట్టెలూ, మూడు హ్యాండ్‌బ్యాగులూ, మధ్యలో డబ్బా, పైన ఒక దిండు. ఇంకా జానెడు మిగిలితే, దిగులుగా దానికేసి చూసి, “ఇంకేం లేవా?” అంటాడు.

2018 ఆగస్టులో ఐకియా దేశంలో తన మొదటి దుకాణం తెరవడానికి హైటెక్ సిటీకే రావడం ఆయన జీవితంలో గొప్ప మలుపు. బల్లపరుపు అట్టపెట్టెలూ, పొడుగాటి కుటుంబ కార్లూ, స్వీడన్‌కి రెండూ ఇంటి సరుకే కదా. ఇక్కడ మొదటిది వచ్చేసరికి రెండోది ఈయన దగ్గరే మిగిలింది. ఆదివారం సాయంత్రం వెళ్లి చూడండి. ఆరడుగుల పెట్టెని సెడాన్ వెనక సీట్లోకి ఏటవాలుగా తోస్తూ, ఒకరినొకరు అనుకుంటూ కొత్త దంపతులు. అర చెంచా కొనడానికొచ్చిన మెరీనా అంకుల్ పక్కనే నిలబడి, చాలాసేపు ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక గొంతు సవరించుకుంటాడు.

“ఎక్కడిదాకా బాబూ?”

“నల్లగండ్ల అంకుల్.”

“మా దారే.”

నల్లగండ్ల ఆయన దారి కాదు. బండి ఖాళీగా ఇంటికి తెస్తే ఆయనకి ఆ రాత్రి నిద్రపట్టదు, అంతే.

వినాయకచవితికి ధూల్‌పేట నుంచి విగ్రహం వచ్చేది ఇందులోనే. తొండం ముందుకి, ఎలుక చివరికి. సంక్రాంతికి తెనాలి బయల్దేరితే పంతంగి టోల్‌ప్లాజా దగ్గర, క్యూలో ఉండగా, భార్య వెనక్కి తిరిగి చూసి అడుగుతుంది: “ఏమండీ, ఆ స్టెబిలైజర్ ఎవరిది?” రెండో అంతస్తువాళ్లది, గుంటూరులో దింపాలి. “ఆ పిల్లల సైకిల్?” మంగళగిరి. ఆమె మరి మాట్లాడదు. తన చీరల బ్యాగు ఒళ్లోనే పెట్టుకుని తెనాలిదాకా వెళ్తుంది. ఆయన సౌమ్యుడే, పరోపకారే. అయితే పరోపకారానికి వచ్చేసరికి భార్యని కూడా సామాను కిందే లెక్కవేస్తాడని నాకు అనుమానం.

ఈ మధ్య కూతురికి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది. “నాన్నా, ఇక చాలు. కొత్తది చూద్దాం” అని షోరూముకి లాక్కెళ్లింది. సేల్స్ కుర్రాడు సన్‌రూఫ్ తెరిచి చూపించాడు, తెర మీద పాట పెట్టాడు, మాటతో ఏసీ వేయించాడు. మెరీనా అంకుల్ అన్నిటికీ బుద్ధిగా తలూపి, చొక్కా జేబులోంచి టేపు తీశాడు.

“వెనక సీట్లు పూర్తిగా చాప పడతాయా బాబూ?”

“పడతాయ్ సార్. పెద్ద ఫ్యామిలీనా?”

“ముగ్గురం” అన్నాడు, సగం లోపలికి దూరి కొలుస్తూ. “ఐదో అంతస్తువాళ్లబ్బాయి వచ్చే నెల డాలస్ వెళ్తున్నాడు.”