సగటున అందరికీ దగ్గరే

మన ఆరోగ్య ప్రణాళికలు రాసే పెద్దలకు సగటంటే వల్లమాలిన ప్రేమ. ఆస్పత్రి ఎక్కడ కట్టాలో తేల్చే సమావేశంలో తెర మీద పటం, పటం నిండా రంగు చుక్కలు, చివర్లో ఒక అంకె: సగటు దూరం 4 కిలోమీటర్లు. చప్పట్లు. ఆ అంకె ఎలా వచ్చిందని అడిగే అమర్యాద ఎవరూ చేయరు. తొమ్మిది ఊళ్లు కిలోమీటరు దూరంలో ఉండి, పదో గూడెం 31 కిలోమీటర్ల అవతల కొండ మీదున్నా సగటు నాలుగే. ఆ నాలుగు కిలోమీటర్లు నడిచేవాడు మాత్రం పది ఊళ్లలో ఒక్కడూ ఉండడు.

కొండవాళ్లకు వేరే లెక్క ఉంది కదా అంటారు. ఉంది. మైదానంలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రమైతే, కొండల్లో 3,000 మందికే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కింద 30,000 మంది కావాలి, పైన 20,000 చాలు. ఎంత దయ! తలలు లెక్కపెట్టినవాళ్లకు కొండలు లెక్కపెట్టాలని మాత్రం తోచలేదు. కోనసీమలో 3,000 మంది ఒక్క ఊళ్లోనే దొరుకుతారు. పాడేరు ఏజెన్సీలో అంతమందిని పోగెయ్యాలంటే ఎన్ని గూడేలు తిరగాలో, ఎన్ని గెడ్డలు, అంటే కొండవాగులు, దాటాలో! వానల్లో గెడ్డ పొంగితే పటం మీద రెండు వేళ్ల దూరం రెండు రోజులైనా దాటలేని దూరం.

అప్పుడు డోలీ కడతారు. ఒక దుంగ, దానికో దుప్పటి, అందులో నొప్పులు పడుతున్న తల్లి, మోసేవాళ్లు ఇద్దరు, భుజం మార్చుకోవడానికి ఇంకో ఇద్దరు. పొదుపంటే ఇదీ! సర్కారుకు డీజిల్ ఖర్చు లేదు, డ్రైవరు జీతం లేదు. బడ్జెట్లో తగ్గిన బరువంతా ఆ నాలుగు భుజాల మీదికెక్కింది.

ప్రతి కొండ మీదా ప్రసూతి డాక్టరును కూర్చోబెట్టలేం కదా అంటారు. నిజమే. నెలకు రెండు కాన్పులున్న చోట ఆపరేషన్ థియేటరు కడితే తాళం తుప్పు పడుతుంది. అందరికీ సమాన దూరమంటూ నడి అడవిలో కట్టే న్యాయమూ నాకొద్దు, దాన్ని వాడుకునేది ఎలుగుబంట్లే. కానీ సాలూరులో కొండ గర్భిణులను నెలలు నిండకముందే కిందికి తెచ్చి ఉంచుకునే వసతి గృహం పెట్టారు. 2018లో మన్యానికి బైకు అంబులెన్సులు వచ్చాయి. అవి పనికొచ్చాయి. సగటు చూసి కూర్చుంటే ఆ రెండూ పుట్టేవే కావు. చివరి గూడేన్ని చూశారు కాబట్టి పుట్టాయి.

ఇక సగటు పెద్దలకు శాస్త్రం తమవైపే ఉందనే ధీమా ఒకటి. 1964లో హకీమీ అనే ఆయన, కేంద్రాన్ని ఎక్కడ పెట్టాలన్న దానిపై రాసిన ఒకే పత్రంలో రెండు లెక్కలు చెప్పాడు. అందరి దూరాలూ కలిపితే వచ్చే మొత్తాన్ని, అంటే సగటును, తగ్గించేది ఒకటి. అందరికన్నా దూరాన ఉన్నవాడి దూరాన్ని తగ్గించేది రెండోది. మనవాళ్లు మొదటి లెక్క వినగానే టీకి లేచినట్టున్నారు.

పెద్దలకు ఒక్క విన్నపం. సగటు వేసుకోండి, చప్పట్లూ కొట్టుకోండి. ఆ అంకె కిందే అన్నిటికన్నా దూరపు గూడెం పేరు రాసి, వానాకాలంలో అక్కణ్నుంచి డోలీ ఆస్పత్రికి చేరడానికి ఎన్ని గంటలో కూడా రాయండి. ఆ గడి ఖాళీగా ఉన్న ఫైలు మీద సంతకం పెట్టకండి.